బాల్కనీ లైటుకు వచ్చే బియ్యపుగింజంత మాత్‌కు పేరెందుకు దొరకదు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బెంగళూరు హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో నాలుగో అంతస్తు. ఎనిమిది నెలలుగా బాల్కనీ లైటుకు వచ్చే మాత్‌లను, అంటే దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగులను, ఫోటోలు తీస్తున్నారు. పెద్దవాటికి ఫోటో చూసి పేరు చెప్పే యాప్ ఠక్కున పేరు చెప్పేస్తోంది. బియ్యపుగింజంత ఉన్నవాటి దగ్గరకు వచ్చేసరికి కుటుంబం పేరు చెప్పి ఊరుకుంటోంది, లేదంటే ఇద్దరు మనుషులు మూడు పేర్లు చెబుతున్నారు. తప్పు ఫోటోలో ఉందా, వీటి వర్గీకరణ ఎక్కడ మొదలుపెట్టి నేర్చుకోవాలి అని అడిగారు. నాలుగు ఫోటోలు కూడా పెట్టారు.

తప్పు మీ ఫోటోలో లేదండి. మన దగ్గరి చిన్న మాత్‌లలో చాలావాటికి ఫోటో చూసి జాతి పేరు చెప్పడం కుదరదు. కుటుంబం వరకు చెప్పొచ్చు, ఒక్కోసారి ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, దాకా వెళ్ళొచ్చు. అక్కడ ఆగడం చేతకానితనం కాదు. ఇక ఎక్కడ మొదలుపెట్టాలంటే నా మాట ఒక్కటే: లైటు దగ్గర కాదు, ఆకు దగ్గర. పురుగును ఆకుతో సహా తెచ్చి డబ్బాలో పెంచి, దాని నుంచి వచ్చిన మాత్‌ను చూడండి. ఆ ఒక్క మాత్ మీకు నేర్పేది లైటు కింద తీసిన వంద ఫోటోలు నేర్పవు.

నాది అనంతపురం వైపు పల్లె. పంట పురుగుల పని మీద బెంగళూరు వచ్చి 26 ఏళ్ళయింది. ఇందులో సగం కాలం మైక్రోస్కోపు ముందే గడిచింది. తెలుగులో మాత్‌కు అందరూ ఒప్పుకునే మాట లేదు. శలభం పుస్తకాల్లో మాట. చిమ్మట అంటే ఒకరికి బట్టలు కొరికేది, ఇంకొకరికి రాత్రంతా అరిచేది. వ్యవసాయ శాఖ కరపత్రాల్లో రెక్కల పురుగు అంటారు. మా అమ్మ దీపం పురుగు అనేది. కాబట్టి ఇక్కడ మాత్ అనే రాస్తున్నాను.

పేరు ఎందుకు దొరకదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. పెద్ద మాత్‌లకు మనకు హాంప్సన్ ఉన్నాడు. నీలగిరిలో టీ తోటల్లో పనిచేసిన మనిషి. బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో 1892 నుంచి 1896 వరకు మాత్‌ల మీద 4 సంపుటాలు తెచ్చాడు. నాలుగోదాంట్లో పైరాలిడ్‌లు అనే కాస్త చిన్న మాత్‌లు కూడా ఉన్నాయి. అంతకన్నా చిన్నవాటికి మాత్రం అలాంటి ఒక్క పుస్తకం లేదు. వాటిలో ఎక్కువ భాగానికి పేర్లు పెట్టింది ఎడ్వర్డ్ మేరిక్ అనే ఇంగ్లిష్ స్కూలు మాస్టారు. ప్రపంచం మొత్తం మీద 14,000కు పైగా జాతులకు పేరు పెట్టాడాయన. కొడగు నుంచి, ఖాసీ కొండల నుంచి, సిలోన్‌లో మస్కెలియా నుంచి పెట్టెల్లో మాత్‌లు ఇంగ్లండ్ వెళ్ళేవి. ఆయన భూతద్దంతో చూసి, నాలుగైదు వాక్యాల వర్ణన రాసి అచ్చేసేవాడు. బొమ్మ ఉండదు. 1912 నుంచి 1937 దాకా ఇదే పని కోసం సొంతంగా ఒక పత్రిక నడిపాడు.

ఆ వర్ణనలు చదివితే తెలుస్తుంది మన కష్టం. 'ముందు రెక్క బూడిదరంగు, మధ్యలో రెండు నల్ల చుక్కలు, అంచున లేత మచ్చ.' మీ నాలుగు ఫోటోల్లో మూడింటికి అదే వర్ణన సరిపోతుంది! ఆడ, మగ జననాంగాల ఆకారం చూసి జాతులు వేరుచేసే పద్ధతి ఆయన కాలానికే వచ్చేసింది. ఆయన దాన్ని చివరిదాకా ఒప్పుకోలేదు. ఆయన చూసిన అసలు నమూనాలు లండన్ మ్యూజియంలో ఉన్నాయి. గేట్స్ క్లార్క్ అనే అమెరికన్ వాటిని ఒక్కొక్కటే తీసి చూసి, బొమ్మలతో 1955 నుంచి 1970 వరకు 8 సంపుటాలు వేశాడు. ఈ రోజుకీ మా బల్ల మీద ఎక్కువగా నలిగేది అవే. అంటే బెంగళూరులో మీ బాల్కనీకి వచ్చిన మాత్‌కు పేరు ఖాయం చేయాలంటే, వందేళ్ళ కింద కొడగు నుంచి లండన్ వెళ్ళిన దాని అన్నతో పోల్చాలి. యాప్ ఆ పని చేయలేదు. ఎవరో సరిగ్గా పేరు పెట్టిన ఫోటోలు వందల్లో ఉంటేనే అది నేర్చుకోగలదు.

ఇక పేర్ల గొడవ. ఒకే పురుగుకు మూడు పేర్లు వింటున్నాం, ఏది నిజం అన్నారు. తెలుగువాళ్ళకు ఇది అర్థం కావడం తేలిక. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. శాస్త్రీయ నామం కూడా అంతే: ప్రజాతి ముందు, జాతి తర్వాత. ఇల్లు మారితే ఇంటిపేరు మారుతుంది, సొంత పేరు మారదు. టమాటా రైతులను ఏడిపిస్తున్న మాత్‌ను చూడండి. 1917లో మేరిక్ పెరూ నుంచి వచ్చిన దానికి థోరిమియా అబ్సొల్యూటా అని పేరు పెట్టాడు. ఆ తర్వాత ఇల్లు మారుస్తూ పోయి, 1994లో ట్యూటా అబ్సొల్యూటా అన్నారు. లోకమంతా ఆ పేరుకు అలవాటుపడ్డాక, 2021లో మళ్ళీ థోరిమియాకే తెచ్చారు. అత్తారింటి నుంచి పుట్టింటికి వచ్చినట్టు. పేరు పెట్టిన మనిషి పేరు బ్రాకెట్లలో కనిపిస్తే, మొదట పెట్టిన ఇంటిపేరు ఇప్పుడు లేదని అర్థం. ఇప్పుడు అబ్సొల్యూటా పక్కన మేరిక్‌కు మళ్ళీ బ్రాకెట్లు అక్కర్లేదు.

పేరు చివర కూడా చూడండి, సరదాగా ఉంటుంది. 1758లో లిన్నేయస్ మాత్‌లను గుంపులు చేసినప్పుడు టీనియా గుంపులోవాటికి 'ఎల్లా' అని, టార్ట్రిక్స్ గుంపుకు 'ఆనా' అని, పైరాలిస్ గుంపుకు 'ఆలిస్' అని తోకలు తగిలించాడు. తర్వాతివాళ్ళు చాలామంది అదే పాటించారు. పత్తిలో గులాబీరంగు పురుగు గాసిపియెల్లా. క్యాబేజీ మీది డైమండ్ బ్యాక్ మాత్ జైలోస్టెల్లా. వరి ఆకుముడత పురుగు మెడినాలిస్, వంకాయ కాయతొలుచు పురుగు ఆర్బొనాలిస్. అయితే తోక చూసి కుటుంబం చెప్పేయకండి. గాసిపియెల్లా, జైలోస్టెల్లా రెండూ ఇప్పుడు టీనియా కుటుంబంలో లేవు, ఆ రెండూ ఒకదానికొకటి దగ్గర చుట్టాలు కూడా కావు. అప్పట్లో చిన్నగా కనిపించినవన్నీ ఒకే గంపలో వేశారు. చిన్న మాత్‌లన్నింటినీ కలిపి అనే 'మైక్రో' అన్న మాట కూడా అలాంటి గంపే. అది ఒక వంశం కాదు, పనికి వీలుగా పెట్టుకున్న పేరు. ఆ గంపలో అరచేతి వెడల్పు రెక్కలున్నవీ ఉన్నాయి.

సరే, కుటుంబం ఎలా పట్టుకోవాలి? రెక్కల రంగు చివర చూడండి. ముందు కూర్చున్న తీరు, తర్వాత మొహం. మీరందరూ పైనుంచి తీస్తారు. పక్కనుంచి ఒక్కటి తీయండి. మొహం ముందు రెండు పెదవి స్పర్శకాలు ఉంటాయి, పాల్ప్‌లు అంటాం. అవి కొడవలిలా పైకి వంగి తల దాటి లేస్తే గెలెకియిడే, దాని చుట్టాల వైపు ఆలోచించండి. ముక్కులా ముందుకు పొడుచుకొస్తే, రెక్కలు మూసినప్పుడు గంట ఆకారం వస్తే టార్ట్రిసిడే. రెక్కలు సన్నగా అడ్డంగా చాపి టీ అక్షరంలా కూర్చుంటే ఈకల మాత్, టెరోఫోరిడే. దీంట్లో ఎవరూ పొరబడరు. నెత్తిన వెంట్రుకలు అప్పుడే నిద్ర లేచినట్టు చెదిరి ఉంటే టినెయిడే. మీసాలు ముందు రెక్క కన్నా పొడవుగా ఉంటే లెసితోసెరిడే చూడండి. ఇది ఆసియా వేడి ప్రాంతాల్లో బాగా పెరిగిన కుటుంబం. యూరప్ పుస్తకాలు పట్టుకుని నేర్చుకున్నవాళ్ళకు ఇది తట్టదు, నాకూ చాలా రోజులు తట్టలేదు.

పైరాలిడే, క్రాంబిడే రెండూ మీ లైటుకు ఎక్కువగా వచ్చేవి. రెండింటికీ చెవులు కడుపు మొదట్లో ఉంటాయి, గబ్బిలం కేక వినడానికి. ఆ చెవి గూడు మూసి ఉందా తెరిచి ఉందా అన్నదాని మీదే ఈ రెండు కుటుంబాలను విడదీస్తారు. ఫోటోలో అది కనపడదు. అయినా వీటిలో కొన్నింటిని ఎవరైనా చెప్పగలరు. తోటకూర ఆకును దారాలతో ముడిచి తినే స్పొలాడియా రికర్వాలిస్ ముదురు గోధుమ రెక్క మీద తెల్ల పట్టీతో ఉంటుంది. మీ నాలుగో ఫోటో అదే. యాప్ చెప్పింది కరెక్టే.

ఇప్పుడు ఆకు సంగతి. మీ ఇంట్లో కాకపోయినా పక్కింట్లో కుండీలో నిమ్మ మొక్క ఉంటుంది. లేత ఆకుల మీద నత్త పాకినట్టు వెండి గీతలు వంకరటింకరగా ఉంటాయి చూడండి. ఆకును వెలుగుకు పట్టుకుంటే గీత మధ్యలో సన్నటి నల్ల దారం కనిపిస్తుంది. అది పురుగు రెట్ట. గీత చివర ఆకు పైపొర కింద పచ్చటి చప్పిడి పురుగు ఉంటుంది, సూది మొనతో కదిపితే కదులుతుంది. ఎదిగాక ఆకు అంచును తన మీదకు మడుచుకుని లోపల ప్యూపా అవుతుంది. ఆ మడత ఉన్న ఆకును తుంచి డబ్బాలో వేసి, కొంచెం తడి టిష్యూ పెట్టండి. వారం లోపల తెల్లటి వెండి రెక్కలు, కొసన ఒక్క నల్ల చుక్క ఉన్న మాత్ వస్తుంది. పెసరబద్ద కన్నా చిన్నది. అది ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా, స్టెయిన్‌టన్ 1856లో కలకత్తా నుంచి వచ్చిన నమూనాలతో వర్ణించినది. ఇదే మాత్ లైటు మీద వాలితే మీరు దుమ్ము అనుకుని తుడిచేసేవారు. ఆకుతో సహా దొరికింది కాబట్టి పేరు దాకా వెళ్ళగలిగారు.

మేరిక్ పెట్టిన భారతీయ పేర్లలో ఈ రోజు బాగా ఉపయోగపడేవి ఏవో తెలుసా? ఫ్లెచర్ పంపినవి. ఆయన కోయంబత్తూరులో, తర్వాత బిహార్ పూసాలో ప్రభుత్వ కీటక శాస్త్రవేత్త. ఆయన మనుషులు పురుగులను పెంచి, ఏ మొక్క మీద దొరికిందో రాసి మాత్‌ను పంపేవారు. మొక్క పేరుంది కాబట్టి ఇప్పుడు మనం అదే మొక్క దగ్గరకు వెళ్ళి మళ్ళీ వెతకొచ్చు. 'కొడగు, మే నెల' అని మాత్రమే రాసి ఉన్నవాటికి ఎక్కడికని పోతాం?

నేను దెబ్బతిన్న కథ ఒకటి చెబుతాను. మా జిల్లాలో వేరుశనగ ఆకుముడత అందరికీ తెలిసిన పురుగు. చిన్న బూడిదరంగు గెలెకియిడ్. పాత కాగితాల్లో దాన్ని స్టొమాప్టెరిక్స్ అని, తర్వాతివాటిలో అప్రోయెరిమా అని రాశారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చేను నుంచి ముడతలు తెచ్చి ఒకే ట్రేలో పెంచాను. గట్టు మీది కలుపు ఆకులు కూడా కొన్ని అందులోనే వేశాను, డబ్బాలు చాలక. 11 మాత్‌లు వచ్చాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి. అన్నింటికీ వేరుశనగ అని లేబుల్ రాసేశాను. రెండేళ్ళ తర్వాత మగవాటి జననాంగాలు చూస్తే 3 వేరే. ఆడదాన్ని పట్టుకునే కొమ్ముల ఆకారమే వేరు. ఏది వేరుశనగది, ఏది కలుపుది? చెప్పడానికి దారి లేదు. 11కి 11 పనికిరాకుండా పోయాయి. ఒక డబ్బాలో ఒకే మొక్క. అప్పటి నుంచి ఇంట్లో పప్పు డబ్బాలు కూడా నా చేతికి దొరకనివ్వరు.

జననాంగాలు చూడటం అంటే భయపడకండి. కడుపు భాగాన్ని మెల్లగా విరిచి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసి వేడినీళ్ళలో కాసేపు పెడతాం. లోపలి మెత్తటిదంతా కరిగిపోయి గట్టి భాగాలు మిగులుతాయి. నీళ్ళలో కడిగి, సన్న బ్రష్‌తో పొలుసులు తుడిచి, రంగు వేసి స్లైడ్ మీద పరుస్తాం. 'కాసేపు' అంటే ఎంతసేపు అన్నదే ఇందులో అసలు విద్య. ఒకసారి మధ్యలో ఫోన్ వస్తే మాట్లాడి వచ్చేసరికి పలుచటి పొర ఒకటి తేలుతోంది. ఆ జాతిలో నా దగ్గరున్నది ఆ ఒక్క ఆడ మాత్. ఈ పని ఇంట్లో చేయమని నేను చెప్పను. ఆ రసాయనం కంట్లో పడితే కన్ను పోతుంది. మీరు మాత్‌ను జాగ్రత్తగా దాచిపెడితే చాలు, చూసేవాళ్ళు ఉన్నారు.

డీఎన్ఏ సంగతి అడిగారు. కాక్స్-1 అనే జన్యువులో 658 అక్షరాల ముక్కను చదివి పోల్చడమే బార్‌కోడింగ్. మంచి పనిముట్టు. ఆస్ట్రేలియాలో డైమండ్ బ్యాక్ మాత్ ఒక్కటే ఉందనుకుంటుంటే, ఈ పద్ధతితో పక్కనే ఇంకో జాతి దాక్కుందని తేలింది. 2013లో దానికి ప్లుటెల్లా ఆస్ట్రేలియానా అని పేరు పెట్టారు. కానీ బార్‌కోడ్ చెప్పేది 'ఇది దాని లాంటిది' అని మాత్రమే. ఆ 'దాని' మీద ఎవరో తప్పు లేబుల్ అతికించి ఉంటే తప్పు మీకూ అంటుకుంటుంది. మేరిక్ నమూనాల్లో ఎక్కువవాటికి బార్‌కోడ్ లేదు. వోల్బాకియా అనే బాక్టీరియా సోకినవాటిలో ఈ ముక్క ఒక్కోసారి రెండు జాతులను ఒకటిగా, ఒక జాతిని రెండుగా కూడా చూపిస్తుంది.

2014లో ఆ టమాటా మాత్ మహారాష్ట్రలో, కర్ణాటకలో బయటపడ్డాక ఇంకో తమాషా చూశాను. ఆ మరుసటి ఏడాదంతా ఎవరు బూడిదరంగు గెలెకియిడ్ తెచ్చినా 'సార్, ట్యూటా' అనేవారు. అందులో సగం ఆలుగడ్డ దుంప తొలిచే మాత్, ట్యూటాకు దగ్గర చుట్టం. నేను అడిగేది ఒకటే: ఏ మొక్క మీద, ఏ భాగంలో? 'లైటు ట్రాప్‌లో పడింది సార్' అంటే ఇక మైక్రోస్కోపు తీయాల్సిందే.

ఇంట్లో ఉండే మాత్‌లు కూడా మంచి పాఠమే. గోడ మీద గుమ్మడిగింజ ఆకారంలో బూడిదరంగు తిత్తి వేలాడుతుంటుంది కదా, బెంగళూరులో కన్నా చెన్నైలో ఎక్కువ. మా చెల్లెలు చెన్నైలో ఉంటుంది, బల్లి గుడ్డు అనుకుని ఏళ్ళ తరబడి చీపురుతో కొట్టింది. అది టినెయిడే పురుగు, ఫెరియోకా యుటెరెల్లా. తిత్తిని పట్టుతో, ఇసుకతో, నూలు పోగులతో అల్లుకుంటుంది. రెండు కొసలూ తెరిచే ఉంటాయి, లోపలే తిరగబడి ఏ వైపు నుంచైనా తల బయటపెడుతుంది. సాలెగూళ్ళు, రాలిన వెంట్రుకలు తింటుంది. మూత గుడ్డ కట్టిన సీసాలో తిత్తిని వేసి ఉంచితే మాత్ చూడొచ్చు. మందు కొట్టాల్సిన పని లేదు, సాలెగూళ్ళు దులుపుకోండి. బియ్యంలో గూళ్ళు కట్టేది కోర్సైరా, వడ్లలో గింజకో బొక్క చేసేది వడ్ల చిలక. ఇండియన్ మీల్ మాత్ అన్నది కూడా డబ్బాల్లో వస్తుంది. ఆ పేరులో ఇండియా మనది కాదు. అమెరికాలో మొక్కజొన్న పిండిని ఇండియన్ మీల్ అనేవారు, దాంట్లో దొరికింది.

మాత్‌ను దాచాలనుకుంటే: బయటికి వచ్చాక ఒక రోజు రెక్కలు ఆరనివ్వండి, ఆపైన చిన్న సీసాలో ఫ్రీజర్‌లో పెట్టండి. ఊరు, తేదీ, మొక్క, మీ పేరు పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి. బయట అతికిస్తే చెమ్మకు ఊడిపోతుంది. ఇడ్లీ పిండి పక్కన మాత్రం పెట్టకండి, అనుభవంతో చెబుతున్నాను. అడవిలో పట్టాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. విదేశంలో ఎవరైనా 'పంపండి, చూస్తాను' అంటే పోస్టు చేసేయకండి. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ముందు జాతీయ జీవవైవిధ్య అథారిటీ అనుమతి కావాలి. దాని ఆఫీసు చెన్నై తరమణిలోనే ఉంది. మీకు దగ్గర్లో అయితే హెబ్బాళలో జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ, జీకేవీకేలో విశ్వవిద్యాలయం కీటక మ్యూజియం ఉన్నాయి. ముందు ఉత్తరం రాసి వెళ్ళండి.

ఇక మీ మిగతా ఫోటోలు. మొదటిది గెలెకియిడే, పాల్ప్‌లు స్పష్టంగా ఉన్నాయి. అంతకు మించి ఎవరైనా పేరు చెబితే ఎలా తెలిసిందని అడగండి. మూడోది, బాత్రూమ్ టైల్ మీద గుండె ఆకారంలో ఉన్న బొచ్చు పురుగు, మాత్ కాదు. రెండే రెక్కలున్న ఈగ జాతి, మీ డ్రెయిన్‌లో నుంచి వస్తోంది. రెండోది నాకు నచ్చింది. ముందు కాళ్ళ మీద లేచి, ఛాతీ ఎత్తి కూర్చుంది, గ్రాసిల్లారిడే. వీటిలో చాలావాటి పురుగులు ఆకు పొరల మధ్య పుట్టి, తర్వాత ఆకు కొసను చుట్టుకుంటాయి. నాలుగో అంతస్తు దాకా వచ్చిందంటే కింద దగ్గర్లోనే చెట్టు ఉండాలి. మీ బాల్కనీకి ఎదురుగా ఏం చెట్టుంది? లేత ఆకుల కొసలు గరాటులా చుట్టుకుని ఉన్నాయేమో చూసి రాయండి.